కొట్టి కాదు.. తట్టి చూడాలి!

నా కోడ్‌లో తప్పులు దొరకడం, టీమ్ మీటింగ్‌లో అందరి ముందూ తిట్లు పడటం నాకు కొత్తేమీ కాదు. కానీ ఒక గోడ ముందు నిలబడి తల దించుకోవడం మాత్రం రెండేళ్ల కిందటే మొదటిసారి జరిగింది.

అది మామూలు గోడ కాదు. ఓ నీటి పంప్‌హౌస్ గోడ. మందం 1.2 మీటర్లు. అంటే మన ఇంటి గోడలు ఓ ఐదు పక్కపక్కన పేర్చినంత. లోపల రెండు వరసల్లో ఇనుప ఊచల వల. అవతలి వైపంతా మట్టి నింపేశారు. ఇవతలి వైపు మేము. ఇంకో పది రోజుల్లో నీళ్లు వదలాలి. గోడని పగలగొట్టకుండా, చెక్కకుండా లోపల బాగుందో లేదో చెప్పడమే మా పని. దీన్ని నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అంటారు. సైట్‌లో అందరి నోటా ‘ఎన్‌డీటీ’నే.

నేను చదివింది బీటెక్ ఈసీఈ. హాస్టల్‌లో సివిల్ వాళ్లని ‘ఇసుక, సిమెంటు బ్యాచ్’ అని ఏడిపించిన పాపం నాది కూడా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. సెన్సర్ల నుంచి వచ్చే సిగ్నల్స్‌ని స్క్రీన్ మీద బొమ్మలుగా మార్చే సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఆ పాపం పండి కాంక్రీట్ స్కానింగ్ ప్రాజెక్ట్ వచ్చి నా మెడకే చుట్టుకుంది. ఏసీ రూమ్‌లో కూర్చుని కోడ్ రాసే నన్ను, మే నెల ఎండలో హెల్మెట్ పెట్టి ఆ గోడ ముందు నిలబెట్టింది.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. దానికి ముందు గోడ లోపలికి చూడటం ఎలాగో తెలియాలి కదా!

కుండ కొన్నప్పుడు అమ్మమ్మ చేసిందే..

ఎండాకాలం మొదట్లో కుండ కొనడానికి వెళ్తే అమ్మమ్మ ఏం చేసేది? వేలి కణుపుతో నాలుగు వైపులా తట్టేది. ఖంగుమంటే డబ్బులిచ్చేది. బొంగురుగా పలికితే ‘ఇది బీటిచ్చింది’ అని పక్కన పెట్టేది. బీట కంటికి కనిపించేది కాదు. చెవికి దొరికేది.

టైల్స్ వేసే మేస్త్రీ చేసేదీ ఇదే. నాణెంతోనో, కర్రతోనో కొట్టుకుంటూ పోతాడు. డొల్ల శబ్దం వస్తే అక్కడ కింద సిమెంటు అంటలేదని అర్థం. ప్రపంచవ్యాప్తంగా బ్రిడ్జి స్లాబుల మీద ఇంజినీర్లు గొలుసులు ఈడ్చుకుంటూ నడిచేది కూడా ఇందుకే. ఎక్కడ శబ్దం మారితే అక్కడ పొర విడిందన్నమాట.

అయితే చెవికి ఒక హద్దుంది. పైపైన ఉన్న పొర విడితేనే అది డప్పు చర్మంలా ఊగి డొల్లగా పలుకుతుంది. లోపం రెండడుగుల లోతులో ఉంటే సుత్తితో ఎంత కొట్టినా గోడ ‘నేను బాగానే ఉన్నా’ అన్నట్టే మోగుతుంది. మందపాటి కాంక్రీట్‌తో చిక్కంతా ఇదే.

1980లలో అమెరికాలో మేరీ సాన్సలోన్, నికోలస్ కరీనో అనే ఇద్దరు పరిశోధకులు ఈ తట్టడాన్నే లెక్కల్లోకి తెచ్చారు. దాని పేరు ఇంపాక్ట్ ఎకో. చిన్న ఉక్కు గోళీతో గోడని టక్కున కొడతారు. పక్కనే ఉన్న సెన్సర్ ఆ ప్రకంపనలు రికార్డ్ చేస్తుంది. మంచి కాంక్రీట్‌లో ఆ తరంగం సెకనుకు దాదాపు 4000 మీటర్లు పోతుంది. మీటరు మందం గోడలో వెళ్లి రావడానికి రెండు మీటర్లు. అంటే సెకనులో రెండు వేల ట్రిప్పులు. మీటర్ మీద దాదాపు 2000 హెర్ట్జ్ చూపిస్తుంది. అదే గోడలో పావు మీటరు లోతున పొర విడి ఉంటే తరంగం అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. ట్రిప్పు చిన్నదైంది కాబట్టి 8000 హెర్ట్జ్ వస్తుంది. ఇంటర్‌లో చదివిన ప్రతిధ్వని పాఠమే. అప్పుడు బట్టీ పట్టాం, ఇప్పుడు జీతం తీసుకుంటున్నాం.

అన్ని పరీక్షలూ అన్ని చోట్లా పనికిరావు

సైట్‌లో ఎక్కువగా కనిపించేది రీబౌండ్ హామర్. 1950 ప్రాంతంలో స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఎర్నెస్ట్ ష్మిట్ తయారుచేశాడు. స్ప్రింగ్‌తో గోడని కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో చూపిస్తుంది. చవక, తేలిక. కానీ అది చూసేది గోడ చర్మాన్నే. పాత కాంక్రీట్ పైపొర గాలి తగిలి గట్టిపడితే ఉన్నదానికన్నా ఎక్కువ నంబర్ చూపిస్తుంది కూడా.

రెండోది అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ. ఒక వైపు నుంచి శబ్ద తరంగం పంపి, రెండో వైపు అందుకుని, ఎంత వేగంగా వచ్చిందో లెక్కేస్తారు. 1992 నాటి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 ప్రకారం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే అద్భుతం. 3.5 నుంచి 4.5 అయితే మంచిది. 3 కన్నా తగ్గితే అనుమానించాల్సిందే. తర్వాత ఈ పరీక్షని ఐఎస్ 516లో కలిపి నిబంధనలు సవరించారు. కానీ దీన్ని నమ్మకంగా చేయాలంటే గోడకి రెండు వైపులా చేయి అందాలి. మా గోడకి అవతల మట్టి!

జీపీఆర్ అనే రాడార్ ఉంది. ఊచలు ఎక్కడున్నాయో చక్కగా చూపిస్తుంది. కానీ ఊచలు దగ్గరదగ్గరగా ఉంటే అవే దానికి తెర కట్టేస్తాయి. వాటి వెనక ఏముందో కనపడదు. గామా కిరణాలతో ఎక్స్‌రే లాంటిది తీయొచ్చు కానీ, ఫిల్మ్ అవతలి వైపు పెట్టాలి. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాలి. పైగా అర మీటరు మందం దాటితే కిరణాలే నీరసపడిపోతాయి.

‘మరి కడుపులో బిడ్డని చూసే అల్ట్రాసౌండ్ స్కాన్ గోడకి చేయలేరా?’ అని మా చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. చేస్తాం, కానీ అదే మెషీన్ పనికిరాదు. కాంక్రీట్ అంటే పల్లీపట్టి లాంటిది. బెల్లం పాకం స్థానంలో సిమెంటు, పల్లీల స్థానంలో కంకర. ఆస్పత్రి స్కాన్‌లో వాడేది సెకనుకు కొన్ని మిలియన్లసార్లు కంపించే శబ్దం. దాని తరంగం మరీ పొట్టిది, మిల్లీమీటర్లలో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల కంకర రాళ్లకి తగిలి నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. అందుకే కాంక్రీట్‌కి దాదాపు 50 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాం. అక్కడ మేం వాడే తరంగం పొడవు 5 సెంటీమీటర్లు. కంకరని దాటుకుని లోపలికి పోతుంది. దానికి మూల్యం ఏమిటంటే చిన్న చిన్న వివరాలు కనిపించవు.

మా చేతిలో ఉన్న పరికరం ఇలాంటిదే. ఇస్త్రీపెట్టె అంత ఉంటుంది. అడుగున స్ప్రింగ్ మీద కూర్చున్న చిన్న చిన్న ములుకులు వరసలుగా ఉంటాయి. గోడకి ఆనించి నొక్కితే చాలు, జెల్ పూయక్కర్లేదు. ఒక వరస ‘అరుస్తుంది’, మిగతావి వింటాయి. తర్వాత ఇంకో వరస అరుస్తుంది. 12 వరసలుంటే 66 జతల ప్రతిధ్వనులు వస్తాయి. కనురెప్ప వేసేలోపు డేటా వచ్చి చేరుతుంది.

అక్కడి నుంచి నా పని.

ఉరుము లెక్క

మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టే ఆట మీరూ ఆడే ఉంటారు. మీరొక్కరే లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో తెలుస్తుంది, ఏ వైపో తెలియదు. అదే మూడు ఊళ్లలో ముగ్గురు స్నేహితులు లెక్కపెట్టి వాట్సాప్‌లో పంచుకుంటే? పిడుగు పడిన పొలం దొరికిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్ చేసేది అదే. గోడ లోపలి భాగాన్ని లక్షల చిన్న గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడి దగ్గర ఆగి, ‘ఇక్కడ లోపం ఉంటే ఈ జతకి ప్రతిధ్వని ఏ క్షణాన రావాలి?’ అని అడుగుతుంది. 66 జతల్లోనూ ఆ క్షణంలో వచ్చిన సిగ్నల్ తీసి కలుపుతుంది. నిజంగా అక్కడ ఏదైనా ఉంటే అన్నీ ఒకే మాట చెప్పి గడి వెలుగుతుంది. లేకపోతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని చీకటిగా మిగులుతుంది. ఈ పద్ధతిని శాఫ్ట్ అంటారు.

ఇందులో ఒక కీలకం ఉంది. తరంగం వేగం మనం సరిగ్గా చెప్పాలి. వేగం పది శాతం తప్పు చెబితే లోతు కూడా పది శాతం తప్పుతుంది. మీటరు లోతున ఉన్నది తొంభై సెంటీమీటర్ల దగ్గర కనిపిస్తుంది. స్క్రీన్ మాత్రం అదే రంగుల్లో, అంతే ధీమాగా చూపిస్తుంది.

ఫ్లోరిడా గోడ కథ

ఈ పనిలో చేరిన కొత్తలో మాకు చెప్పిన కేస్ స్టడీ ఒకటుంది. ఇప్పటికీ మర్చిపోలేను.

అమెరికాలోని ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున క్రిస్టల్ రివర్ అనే అణు విద్యుత్ కేంద్రం ఉండేది. 1977లో మొదలైంది. రియాక్టర్ చుట్టూ 42 అంగుళాల మందం కాంక్రీట్ గోడ. ఆ గోడ లోపల ఉక్కు తీగల కట్టలు. పీపాకి ఇనుప పట్టీలు బిగించినట్టు, గోడని చుట్టూ గట్టిగా బిగించి ఉంచుతాయి.

2009లో పాత స్టీమ్ జనరేటర్లు మార్చాలనుకున్నారు. అవి తలుపులో పట్టేంత చిన్నవి కావు. కాబట్టి గోడకే పెద్ద కిటికీ లాంటిది కోయాలి. కోసే చోట కొన్ని ఉక్కు కట్టలు వదులు చేశారు. అధిక పీడనంతో నీళ్లు చిమ్మి కాంక్రీట్ చెక్కడం మొదలుపెట్టారు. అక్టోబర్‌లో, గోడ ఉపరితలం నుంచి దాదాపు 10 అంగుళాల లోపల, పైనుంచి కిందికి ఒక సందు బయటపడింది. గోడ ఉల్లిపాయలా రెండు పొరలుగా విడిపోయి ఉంది! బయటికి మాత్రం ఏమీ తెలియలేదు.

ఎంత దూరం విడింది? అప్పుడు ఎన్‌డీటీ వాళ్లు రంగంలోకి దిగారు. గోడ మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో సెన్సర్ ఉన్న సుత్తితో కొట్టి, గోడ ఎంత ఊగుతోందో కొలిచారు. ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు దీన్ని. అనుమానం ఉన్న చోటా లేని చోటా కూడా కోర్లు తీసి, ఆ రంధ్రాల్లోకి చిన్న కెమెరా పంపి సరిచూసుకున్నారు. రెండూ కలిపితే మ్యాప్ వచ్చింది. కోసిన చోటుకి పైనా కిందా విస్తరించి, ఢమరుకం ఆకారంలో పొర విడిందని తేలింది. గోడలోని మిగతా భాగాల్లో అప్పటికి ఇలాంటిది దొరకలేదు.

పాడైన కాంక్రీట్ తీసేసి కొత్తది పోశారు. 2011 మార్చిలో ఉక్కు కట్టల్ని మళ్లీ బిగిస్తున్నారు. అప్పుడు వేరే భాగంలో పొర విడింది. అదే ఏడాది జూలైలో మరో చోట! ఖర్చు లెక్కలు వందల కోట్ల డాలర్లకి చేరాయి. చివరికి 2013 ఫిబ్రవరి 5న, ఇక ఈ కేంద్రాన్ని తెరవబోమని యాజమాన్యం ప్రకటించింది. ఒక కిటికీ కోయబోతే ఇల్లే మూతపడింది.

నాకు ఇందులో గుచ్చుకున్నది పరీక్ష ఫెయిలవడం కాదు. పరీక్ష చెప్పింది నిజమే. ఆ రోజుకి మిగతా గోడ బాగానే ఉంది. కానీ పరీక్ష చెప్పేది ఈ రోజు సంగతి. రేపు దాన్ని ఇంకా బిగిస్తే ఏమవుతుందో చెప్పాలంటే డిజైన్ లెక్కలు కావాలి, కాంక్రీట్ ఎంత బలంగా ఉందో తెలియాలి. స్కానర్ డాక్టర్ లాంటిది. జ్యోతిష్కుడు కాదు.

అమెరికాలోనే ఒహాయోలో డేవిస్ బెస్సీ అనే ఇంకో అణు కేంద్రం ఉంది. 2011లో అక్కడా ఇలాగే గోడ కోస్తే లోపల పగుళ్లు కనిపించాయి. వెతుక్కుంటూ పోతే 1978 జనవరిలో వచ్చిన మంచు తుపాను దగ్గర తేలింది. బయట రక్షణ పూత లేకపోవడంతో గోడలోకి చేరిన తేమ గడ్డకట్టి చీల్చిందని తేల్చారు. 33 ఏళ్లపాటు ఆ పగుళ్లు ఎవరికీ కనిపించలేదు.

మన దేశంలో కూడా ఒక ఉదంతం ఉంది. కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో 1994 మే 13న, ఇంకా కడుతుండగానే డోమ్ అడుగు పొర విడి, సుమారు 130 టన్నుల కాంక్రీట్ కింద పడింది. కార్మికులు గాయపడ్డారు. తర్వాత డిజైన్ మార్చి మళ్లీ కట్టారు. 2000లో ఆ యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది.

కాంక్రీట్ మందంగా ఉంటే బలంగా ఉన్నట్టే అనుకుంటాం. నిజానికి మందం ఎంత పెరిగితే లోపలి సంగతి మనకి అంత దూరమవుతుంది.

ఆ రోజు ఏం జరిగిందంటే..

మళ్లీ మా గోడ దగ్గరికి వద్దాం.

నాతో పాటు సైట్‌కి వచ్చిన టెక్నీషియన్‌కి యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్లు సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనులు చేసి, తర్వాత టెస్టింగ్‌లోకి వచ్చారు. నేను ‘బాబాయ్ గారూ’ అనేదాన్ని. ఆయన నన్ను ‘మేడమ్’ అనేవారు. ముందు కవర్ మీటర్, రాడార్‌తో ఊచలు ఎక్కడున్నాయో చూసి సుద్దతో గీతలు గీశారు. ఆ గీతల మధ్య పరికరం ఆనిస్తూ పోయాం. రెండు రోజులు పట్టింది.

సాయంత్రానికి నా ల్యాప్‌టాప్‌లో బొమ్మ సిద్ధం. చాలా అందంగా వచ్చింది. నీలం రంగు మధ్యలో సరిగ్గా 1.2 మీటర్ల దగ్గర ఎర్రటి గీత. గోడ చివర నుంచి వచ్చిన ప్రతిధ్వని అది. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగలేదు. తరంగం అడ్డేమీ లేకుండా అవతలి వైపుకి వెళ్లి తిరిగొచ్చిందంటే మధ్యలో అంతా గట్టిగా ఉన్నట్టే. మర్నాడు పొద్దున్నే రిపోర్ట్ ఇవ్వాలి. ‘బాబాయ్ గారూ, గోడ సూపర్!’ అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ‘మేడమ్, ఈ గీత ఇంత సాపుగా ఎలా వచ్చింది?’

‘గోడ సాపుగా ఉంది కాబట్టి.’

‘అవతల మట్టి వైపు షట్టరింగ్ అమ్మా అది. ఎవరికీ కనపడదని పాత షీట్లే కొడతారు. అక్కడక్కడా ఉబ్బుతుంది, వంకర పోతుంది. రెండు సెంటీమీటర్లో మూడో తేడా ఉండే తీరాలి. నేను ముప్పై ఏళ్లు కొట్టాను ఆ షీట్లు. రూళ్లకర్రతో గీసినట్టు మాత్రం ఎప్పుడూ రాలేదు.’

నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ గీతని రూళ్లకర్రతో గీసింది నేనే.

సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట గీత తెగి అసహ్యంగా కనిపిస్తోందని, పక్క పాయింట్లని బట్టి ఖాళీలు నింపేలా కొన్నాళ్ల కిందట కోడ్ రాశాను. చెల్లాచెదురుగా కనిపించే చిన్న మచ్చల్ని చెత్త అనుకుని తుడిచేసే ఫిల్టర్ కూడా పెట్టాను. డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు. సెల్ఫీకి బ్యూటీ మోడ్ ఆన్ చేసినట్టు, గోడకి బ్యూటీ మోడ్ ఆన్ చేశానన్నమాట. ఆ ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను.

రెండూ ఆఫ్ చేశాను. బొమ్మ గరుకుగా మారింది. గీత వంకర్లు పోయింది. అక్కడిదాకా బాబాయ్ గారు చెప్పినట్టే. కానీ ఒక చోట, పైపు కోసం గోడలో వదిలిన పెద్ద రంధ్రం కింద, దాదాపు మీటరు వెడల్పున గీత అసలు లేదు! ఆ ప్రాంతంలో సగం లోతున చెదిరిన మచ్చలు. నేను ‘చెత్త’ అనుకుని తుడిచేసినవి అవే.

ఆయన సుత్తితో అక్కడ తట్టారు. గట్టిగానే మోగింది. అంత లోతున ఉన్నది చెవికి దొరకదు మరి. ‘పైపు కింద ఊచలు ఇరుగ్గా ఉంటాయి. వైబ్రేటర్ సూది దిగదు. కంకర ఒకచోట, పాలు ఒకచోట అయిపోతాయి’ అన్నారు. సిమెంటు పాలు అందక, కంకర మధ్య ఖాళీలు మిగిలితే దాన్ని సైట్‌లో హనీకూంబ్ అంటారు. తేనెపట్టులా ఉంటుందని. దాని నుంచి శుభ్రమైన ప్రతిధ్వని రాదు. శబ్దాన్ని మింగి, చెదరగొట్టేస్తుంది. అందుకే వెనక గోడ గీత మాయమైంది.

ఉందో లేదో తేల్చడానికి ఒక్కటే దారి, కోర్ తీయడం. ఊచలకి తగలకుండా సుద్ద గీతల మధ్య మూడంగుళాల రంధ్రం. మర్నాడు మధ్యాహ్నం మిషన్ తిరుగుతుంటే నేను నీడలో కూడా నిలబడలేకపోయాను. అర మీటరు దాకా నున్నటి స్తంభంలా వచ్చింది. 60 సెంటీమీటర్లు దాటాక పల్లీపట్టి విరిగినట్టు ముక్కలు ముక్కలుగా రాలింది. రాళ్లకి సిమెంటే అంటుకోలేదు.

నీళ్లు వదిలాక అయితే? తేమ ఆ ఖాళీల్లో చేరేది. ఊచలకి తుప్పు పట్టేది. ఏ ఐదేళ్లకో, పదేళ్లకో గోడ మీద తడి మరక కనిపించేది. అప్పటికి నా రిపోర్ట్ ఫైల్లో ‘లోపాలు లేవు’ అనే మాట, దాని కింద మా సంతకాలు భద్రంగా ఉండేవి.

బాగున్న చోట ఇంకో కోర్ తీసి, దానితో తరంగం వేగం సరిచేశాను. అది కూడా నేను అనుకున్నదానికి కొంచెం తేడాగానే ఉంది. పాడైన చోట చిన్న రంధ్రాల ద్వారా సిమెంటు గ్రౌట్ ఎక్కించారు. అది గట్టిపడ్డాక మళ్లీ స్కాన్ చేశాం. నీళ్లు వదలడం మూడు వారాలు ఆలస్యమైంది. ఆ మూడు వారాలూ ఎవరి మొహాల్లోనూ నవ్వు లేదు.

‘ఏఐ చూసుకుంటుందిగా’

ఈ కథ చెప్పినప్పుడల్లా ఫ్రెండ్స్ అనే మాట ఇది. నేనూ అదే ఫీల్డ్ కాబట్టి కాదనను. ప్రతిధ్వనుల్లో నమూనాలు పట్టుకోవడం మెషీన్‌కి బాగా వచ్చు. కానీ దానికి నేర్పాలంటే ‘ఇదిగో ఈ సిగ్నల్ వచ్చిన చోట నిజంగా లోపం ఉంది’ అని ఎవరో ఒకరు చెప్పాలి. పిల్లి ఫొటోలకైతే ఎవరైనా చెప్పగలరు. గోడ లోపలి సంగతి పగలగొడితే తప్ప తెలియదాయె!

అందుకే పరిశోధకులు కావాలనే ‘పాడు గోడలు’ కడతారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు దాదాపు ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మీటరు మందంతో ఊచలున్న కాంక్రీట్ దిమ్మె పోసి, అందులో తెలిసిన చోట్ల రకరకాల లోపాలు దాచిపెట్టారు. ఎక్కడ ఏముందో ముందే తెలుసు కాబట్టి, ఏ పరికరం, ఏ అల్గారిథమ్ నిజం చెబుతోందో తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆ దిమ్మె ఒక టెస్ట్ కేస్. ఆన్సర్ షీట్ ఉన్న ప్రశ్నపత్రం.

మీ అపార్ట్‌మెంట్‌కి పనికొచ్చే ముక్కలు

మనలో చాలామంది ఇరవై ఏళ్ల ఈఎంఐ కట్టేది కాంక్రీట్‌కే కదా. కాబట్టి నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

బిల్డింగ్ టెస్ట్ చేయించామని ఎవరైనా అంటే ఏ టెస్టో అడగండి. రీబౌండ్ హామర్ ఒక్కటే అయితే అది పైపొర సంగతి మాత్రమే.

పల్స్ వెలాసిటీ రిపోర్ట్ ఇస్తే సరాసరి నంబర్‌తో సరిపెట్టుకోవద్దు. ఒక్కో స్తంభం రీడింగ్ చూడండి. రెండు వైపుల నుంచి తీశారా, ఒకే వైపు నుంచా అడగండి. పది స్తంభాల్లో ఒక్కటి పాడైనా సరాసరి బాగానే కనిపిస్తుంది.

అనుమానం వచ్చిన చోట కోర్ తీసి సరిచూశారా అని అడగండి. ఒక్క కోర్ కూడా లేని రంగుల రిపోర్ట్ అంటే సాక్షి లేని వాంగ్మూలం లాంటిది.

ఇంట్లో టైల్ డొల్లగా మోగితే మాత్రం కంగారు పడి స్లాబ్‌ని అనుమానించకండి. చాలాసార్లు అది టైల్ కింద మసాలా అంటకపోవడమే.

ఒక వంకర గీత

గ్రౌట్ గట్టిపడ్డాక చేసిన స్కాన్ బొమ్మ ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. నున్నగా ఏమీ లేదు. నిండా మచ్చలే. కానీ పైపు కింద, ఇంతకుముందు ఖాళీ ఉన్న చోట, ఎర్రగీత తిరిగొచ్చింది. పల్చగా, వంకరగా, మధ్యలో కొంచెం కిందికి జారి. దాన్ని బాబాయ్ గారికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, ‘ఆఁ.. ఇదీ మా షట్టరింగ్ అంటే! ఇప్పుడు నమ్ముతానమ్మాయ్’ అన్నారు. మేడమ్ కాస్తా అమ్మాయ్ అయ్యాను. నాకు అదే అప్రైజల్.

ఆఫీస్‌కి వచ్చిన రోజే కోడ్‌లో రెండు మార్పులు చేశాను. అందం చేసే ఆప్షన్లు రెండూ ఇప్పుడు డిఫాల్ట్‌గా ఆఫ్. ఎవరైనా ఆన్ చేస్తే బొమ్మ మీదే పెద్ద అక్షరాలతో ఆ సంగతి పడుతుంది. రెండోది, సిగ్నల్ రాని చోట ఇప్పుడు ఏ రంగూ వేయదు. తెల్లగా వదిలేస్తుంది. తెలియని చోట తెలియదని చెప్పడం గోడకి ముందే వచ్చు. నా కోడ్‌కి నేర్పడానికే ఇంత పెద్ద గోడ కావాల్సి వచ్చింది.